బిషప్పు ఇంటికొచ్చిండా?

మార్తీను బిషప్పు చనిపోయి నూట యాభై ఏళ్లు దాటింది. మా ఇంట్లో మాత్రం ఆయన ఏటా నవంబరులో పుడతాడు, ఓడెక్కుతాడు, అమెరికాలో మోకాళ్ల లోతు మంచులో నడుస్తాడు, మా గుడి పండుగ ముగిసేలోపు పోతాడు. ఆయన్ను పుట్టించేదీ చంపేదీ మా బాపు స్వామిదాసు. పక్కన నిలబడి అడ్డదిడ్డం ప్రశ్నలు వేసేది నేను, ఎస్తేరును.

లింగంపేట దగ్గర మా ఊరి గుడికి బాపు ఉపదేశి. ఫాదర్ రాలేని ఆదివారాలు ప్రార్థన చెప్పించడం, పిల్లలకు జపాలు నేర్పడం, ఎవరైనా పోతే సిలువ పట్టుకుని ముందు నడవడం ఆయన పని. బుర్రకథ మాత్రం పని కాదు, పిచ్చి. ఆయన తంబుర పట్టి నడుమ నిలబడితే కుడిపక్క గుమ్మెట వాయించేది మా పక్కింటి పోచన్న కాక. ఆయన మల్లన్నకు మొక్కే మనిషి, అయినా మార్తీను బిషప్పు పేరెత్తితే గుమ్మెట మీద చెయ్యి దానంతటదే లేస్తుంది. ఎడమపక్క హాస్యం చెప్పే వంతను నేను. వంత అన్నాక కథకుణ్ణి "ఏమయ్యా" అని పిలవాలి. కన్న తండ్రిని ఏమయ్యా అనడానికి నాకు నోరు రాదు. అందుకే "బాపూ" అనే అడుగుతాను. జనం అక్కడే సగం నవ్వుతారు.

ఈ కథ మా తాతకు ఒక దొర ఫాదర్ చెప్పాడట. ఆ ఫాదరుదీ బిషప్పుదీ ఒకటే కొండల దేశం. అక్కడ గుళ్లకంటే గురువులు ఎక్కువై, మార్తీనుకు గురుపట్టం ఇవ్వడానికి ఖాళీ లేదు పొమ్మన్నారు. ఒంటిమీద ఒక్క కోటుతో ఓడెక్కి అమెరికాలో దిగాడు. అక్కడ ఆయన్ను అడవిలోకి పంపారు. కాలువలు తవ్వేవాళ్లు, చెట్లు కొట్టేవాళ్లు, అందరూ పొట్ట చేతపట్టుకుని తలా ఒక దేశం నుంచి వచ్చినవాళ్లే. ఒకరి మాట ఒకరికి రాదు. పాపం చెప్పుకోవాలన్నా వినేవాడికి భాష తెలియాలి కదా. అందుకని మార్తీను ఫాదర్ ప్రతి గుడిసె ముందూ కూర్చుని, వాళ్ల దగ్గరే వాళ్ల భాష నేర్చుకున్నాడు. సరిహద్దున జుక్కల్ దిక్కు కథ చెప్పేటప్పుడు బాపు ఈ చోట కన్నడం, మరాఠీ నాలుగు ముక్కలు కలుపుతాడు. అక్కడ చప్పట్లు ఎక్కువ.

మంచు అంటే మా వాళ్లెవరూ చూసింది లేదు. అందుకని బాపు దాన్ని మోకాళ్ల లోతు దూది అంటాడు. అప్పుడు నేను అడ్డం తగలాలి: "గంత దూదుంటే పరుపులు కుట్టుకోక, మన ఫాదర్ ఎందుకు వణుకుతుండు బాపూ?"

పై దేశం నుంచి వచ్చినవాళ్లంటే గిట్టని ఊరివాళ్లు ఆయన గుడి తగలబెట్టడం, ఆయన బూడిదలోనే నిలబడి మర్నాటి పూజ చేయడం, బిషప్పును చేస్తామంటే పారిపోయి గొర్రెల కొట్టంలో దాక్కోవడం, ఇవన్నీ వరసగా వస్తాయి. ఆ తర్వాత అసలు ఘట్టం. పద్దెనిమిదేళ్లకు బిషప్పు తన ఊరికి వస్తాడు. గడప మీద కూర్చున్న తల్లి ఆయన్ను పోల్చుకోదు. "ఎవరివో బిడ్డా, ఆకలి మీదున్నట్టున్నవు, కూసో" అని కంచంలో మక్కజొన్న రవ్వతో వండిన గటక పెడుతుంది.

ఆ మాట రాగానే జనంలోంచి ఆడవాళ్లు లేస్తారు. ఎవరింట్లో మనిషి దూరదేశంలో ఉన్నాడో వాళ్లు వండిన అన్నం కంచంతో తెచ్చి బాపు ముందు పెడతారు. బాపు తంబుర పక్కన పెట్టి, బిషప్పు లాగే, ఒక్కో కంచంలోంచి ఒక్కో ముద్ద తింటాడు. తిన్న కంచం తాలూకు మనిషి తిరిగొస్తాడని నమ్మకం. తాత కాలంలో బొంబాయి పోయినవాళ్ల కోసం తెచ్చేవారట. ఇప్పుడు దుబాయ్, మస్కట్, సౌదీ కోసం. గుడికి రాని ఇళ్ల నుంచి కూడా కంచాలు వస్తాయి. ఫాదర్లు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. మర్నాడు బాపుకు సోడా తాగించడం నా వంతు.

అన్నిటికంటే ముందు వచ్చే కంచం మమ్మల్ని కన్న మా అవ్వది. నా తమ్ముడు సునీల్ కుమార్ దుబాయ్ పోయి అప్పటికి తొమ్మిదేళ్లయింది.

మూడో ఏడు కంపెనీ జీతం ఆపితే వాడు అక్కణ్ణుంచి బయటపడి, దొరికిన పనల్లా చేసుకుంటూ బతికాడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉండిపోయింది. అలాంటివాళ్లను ఖల్లివల్లి అంటారు. పట్టుబడితే జైలు, బయటపడాలంటే జుర్మానా కట్టాలి. అంచేత ఇన్నాళ్లూ రాలేకపోతున్నాడని మేమూ సరిపెట్టుకున్నాం. తొమ్మిదో ఏడు వరికోతల ముందు అక్కడి ప్రభుత్వం ఆమ్నెస్టీ ఇచ్చింది. కాగితాలు లేనివాళ్లు డిసెంబరు ఆఖరులోపు వచ్చి చెప్పుకుంటే, జుర్మానా లేకుండా ఇంటికి పంపిస్తారట. ఊళ్లో ఎవరి నోట విన్నా అదే మాట. మా ఇంట్లో మాత్రం అవ్వ ఆ మాట ఎత్తేది కాదు. పోయినవాణ్ణి నోటితో రమ్మంటే తొవ్వ మూసుకుపోతుందని ఆమె భయం. అడిగేదంతా కంచంతోనే.

సునీల్ ఆదివారం ఫోన్ చేస్తాడు. అవ్వ "తిన్నవా బిడ్డా" అని అడిగి, వాడు తిన్నానంటే ఫోన్ నా చేతికిచ్చి బీడీల చాట ముందు కూర్చుంటుంది. బాపు అసలు ఫోనే ముట్టడు. పక్కనే మంచంలో పడుకుని, నిద్రపోయినట్టు వింటాడు.

"లైన్ల నిలబడ్డవారా?" అన్నాను ఆ ఆదివారం.

"లేదక్కా."

"ఎందుకు?"

"ఉత్త చేతులు ఊపుకుంట ఎట్ల రావాలె? ఊళ్లె ఏమంటరు?"

"ఏమంటరు? సునీల్ వచ్చిండు అంటరు."

వాడు నవ్వాడు. "ఇంకో రెండేండ్లు చూస్త. భూపాల్ కూడ అదే అంటుండు."

భూపాల్ పోచన్న కాక కొడుకు. ఇద్దరిదీ ఒకటే గది, ఒకటే కష్టం.

"ఈ డిసెంబరుకే దర్వాజ మూసుకుంటది కదరా. మల్ల ఎప్పుడు తెరుస్తరో ఎవలకెరుక?"

"ఎప్పుడో ఒకప్పుడు తెరుస్తరు తీ. మార్తీను బిషప్పు పద్దెనిమిదేండ్లకు పోలేదా? నాయి తొమ్మిదే అయినయ్. నువ్వే అడుగుతవు, బాపే చెప్తడు. ఇగ నాకేం రంది?"

  మంచంలో బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కథ సవరించుకోవడం పండుగకు పదిహేను రోజుల ముందు మా వాకిట్లోనే మొదలవుతుంది. ఆ ఏడు కొత్త ఫాదర్ వచ్చాడు, బాలరాజు. గుంటూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ఇక్కడికి రాకముందు అమెరికాలో మూడేళ్లు పనిచేశాడు. అదీ మార్తీను బిషప్పు పనిచేసిన ఊళ్లోనేనని తెలిసినప్పుడు బాపు ఆయన చేతులు పట్టుకుని వదల్లేదు. ఆ సాయంత్రం ఫాదర్ మా వాకిట్లో కుర్చీ వేసుకుని కథ మొత్తం విన్నాడు. దూది పరుపుల దగ్గర పడీ పడీ నవ్వాడు. గటక దగ్గర, మక్కజొన్న అసలు అమెరికా వైపు నుంచే వచ్చిన పంట అని చెప్పాడు. బాపు, చూశావా మా నాయన గొప్ప అన్నట్టు నావైపు చూశాడు.

అంతా అయ్యాక ఫాదర్ కాస్త ఇబ్బందిగా కదిలాడు. "ఉపదేశిగారూ, ఒక్క మాటండీ. చివర్లో ఆయన ఇంటికి వెళ్లినట్టు చెప్తున్నారు కదా. ఆయన వెళ్లలేదండీ."

బాపు తంబుర తీగ సవరిస్తూ తలెత్తలేదు. "ఎక్కడికి?"

"వాళ్ల ఊరికి. ఓడ దిగినవాడు మళ్లీ ఓడెక్కలేదు. ఆయన సమాధి ఉన్న గుళ్లోనే నేను పూజ చేసేవాణ్ణి. అక్కడ ముసలీ ముతకా అందరికీ తెలుసు."

"పోయిండని మా బాపు చెప్పిండు. మా బాపుకు దొర ఫాదర్ చెప్పిండు."

"దొర ఫాదర్ అలా చెప్పి ఉండరండీ. మీ నాన్నగారే కలిపి ఉంటారు."

పోచన్న కాక గుమ్మెట మీద చెయ్యి తీసేశాడు. బీడీల చాట ముందు కూర్చున్న అవ్వ ఆకు కత్తిరించడం ఆపింది. "అమెరికల మూడేండ్లున్నరు గదా ఫాదర్, మీరు ఇంటికి మర్లి వచ్చిన్రా లేదా?"

"వచ్చానమ్మా."

"మీరొచ్చినప్పుడు ఆయనెందుకు రాడు?" అని, అదే తీర్పు అన్నట్టు మళ్లీ కత్తెర అందుకుంది.

ఫాదర్ టీ తాగి వెళ్లిపోయాడు. బాపుకు కోపం వస్తే తిట్టడు, తంబుర తుడుస్తాడు. ఆ పూట తంబుర అద్దంలా అయింది.

కోతలు ముమ్మరమయ్యాయి. మా వడ్లు కూడా ఎల్లారెడ్డి రోడ్డు మీద ఆరబోశాం. నేనూ బాపూ పొద్దంతా ఆ వడ్లలోనే, కాళ్లతో చాళ్లు తీస్తూ అటూ ఇటూ నడవడం. ఒక మధ్యాహ్నం ఫాదర్ బాలరాజు బండి ఆపి, చెప్పులు విప్పి, వడ్లు తొక్కకుండా అంచు మీద నిలబడ్డాడు.

"మీ కథ మీరు ఎలా చెప్తారో అలాగే చెప్పండి ఉపదేశిగారూ. నేను అనవసరంగా వేలు పెట్టాను. జనానికి అదొక ధైర్యం, పోనివ్వండి."

బాపు నడక ఆపలేదు. ఆ చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చాక అడిగాడు. "ఎందుకు పోలే ఫాదర్ ఆయన? పైసలు లేకనా?"

"బిషప్పు అయ్యాక ఆ ఇబ్బంది లేదండీ. ఒక ఏడు కలరా వచ్చింది. ఒక ఏడు గుడి తగలబడింది. ఇంకో ఏడు కొత్తగా ఓడ నిండా జనం దిగారు, వాళ్లకు తిండీ నీడా చూడాలి. ఎప్పుడూ ఏదో ఒకటి. వచ్చే ఏడు తప్పకుండా వస్తానని అమ్మకు ఏటా కబురు పెట్టేవాడట."

"ఏటా?"

"ఏటా. చివరికి ఆవిడ పోయింది."

బాపు కాళ్లు వడ్లలోనే ఆగాయి. "రాడని ఆమెకు ఎరుకైందా?"

"తెలిసి ఉండదండీ. ఎప్పుడూ వచ్చే ఏడే కదా."

"మంచోడేనా మరి ఆయన?"

"మంచివాడేనండీ. ఎంతమంది తల్లుల కొడుకుల్నో కాచుకున్నాడు."

"తన తల్లి కొడుకును తప్ప," అన్నాడు బాపు, మళ్లీ నడక మొదలుపెట్టి.

ఫాదర్ వెళ్లిపోయాడు. ఎండ తగ్గి వడ్లు కుప్ప చేసేటప్పుడు బాపు తనలో తాను చెప్పుకున్నట్టు చెప్పాడు.

"నేను చిన్నగున్నప్పుడు కథల బిషప్పు రాకపోయేది. ఇన్నేండ్లు నాకు యాదికే లేదు. మా మేనత్త కొడుకు బొంబాయి పోయిండు. ఆమె రోజూ కథ ముందట కూసుండి మా బాపు మొఖమే చూసేది. ఆమె మొఖం చూడలేక బిషప్పును ఇంటికి తెచ్చిండు. మొదలు కంచం పట్టుకొచ్చింది ఆమెనే."

"మరి ఆ కొడుకు వచ్చిండా?"

"రాలే," అని బాపు కుప్ప మీద పట్టా కప్పాడు.

పండుగ సాయంత్రం పూజ అయ్యాక గుడి ముందు పందిట్లో కథ మొదలైంది. ఏటా లాగే నేను ఫోన్‌ను పందిరి గుంజకు కట్టి సునీల్‌కు వీడియో కలిపాను. చిన్న తెరలో వాడూ భూపాలూ ఒకే మంచం మీద, ఒకే గిన్నెలో ఏదో తింటూ కనిపించారు. అవ్వ ముందు వరసలో కూర్చుంది, ఒళ్లో మూత పెట్టిన కంచం. పక్కన పోచన్న కాక భార్య ఎంకవ్వ చిన్నమ్మ, ఆమె ఒళ్లోనూ కంచమే. వెనక ఇంకా చాలామంది.

బాపు గొంతు ఆ రోజు బాగా పలికింది.

"కొండల దేశపు కొడుకమ్మా, తందాన తాన,
కోటు ఒక్కటే ఒంటిమీద, తందాన తాన,
కూలోళ్ల భాష కూలోళ్ల కాడ, తందాన తాన,
కూసుండి నేర్చె మార్తీను, తందాన తాన."

దూది దగ్గర నవ్వించాను. గుడి తగలబడేటప్పుడు పోచన్న కాక గుమ్మెట మోతకు పసిపిల్లలు లేచి ఏడ్చారు. గొర్రెల కొట్టంలో దాక్కున్న బిషప్పును గొర్రె ఎలా పట్టిచ్చిందో నేను గొర్రెలా అరిచి చూపించాను. అన్నీ ఏటా లాగే జరిగాయి. తల్లి గడప మీద కూర్చుంది. ఎదురుచూసింది. అక్కడ నా ప్రశ్న ఉంది. దానికి బాపు "వచ్చిండు" అంటేనే గుమ్మెట లేస్తుంది, కంచాలు లేస్తాయి.

"మరి కొడుకు ఇంటికొచ్చిండా బాపూ?"

బాపు ఒక్క క్షణం పందిరి గుంజవైపు చూశాడు.

"రాలే," అన్నాడు.

పోచన్న కాక లేపిన చెయ్యి లేపినట్టే ఉంది. బాపు పొరపాటున అన్నాడనుకున్నాను. వంత అన్నాక కథ జారితే పట్టుకోవాలి. "జర మంచిగ యాది చేసుకో బాపూ. వచ్చిండా?"

"రాలే బిడ్డా. ఏటా వస్తనన్నడు. ఏటా ఆమె కంచం పెట్టింది."

ముందు వరసలో అవ్వ చెయ్యి మూత మీదే ఉంది.  ఎదురుగా ఉన్నవాళ్లు అడగాలనుకుని అడగలేనిది అడగడమే కదా వంత పని. అడిగాను.

"మరి ఆ కంచం ఎవలు తిన్నరు బాపూ?"

"ఎవలు తినలే."

తర్వాత కథ నడిచింది. తల్లి పోయింది, ఆ కబురు బిషప్పుకు చేరేసరికి మంచు కరిగింది. చావుబతుకుల్లో ఉన్న ఒక కూలివాడి దగ్గరికి బండి మీద పోతూ బిషప్పూ దారిలోనే ఒరిగిపోయాడు. బాపు మంగళం పాడి, తంబుర దించి, కంచాల వైపు చూడకుండా గుళ్లోకి వెళ్లిపోయాడు.

 ముందుగా ఎంకవ్వ చిన్నమ్మ లేచింది. "గిదేం కథ స్వామిదాసన్న చెప్పింది? పండుగ పూట కన్నతల్లుల కడుపుల మన్ను కొట్టినట్టు," అని కంచం కొంగు కింద దాచుకుని విసవిసా వెళ్లింది. అవ్వ కంచం మూత తీయకుండానే లేచింది. నేను గుంజ దగ్గరికి వెళ్లేసరికి ఫోన్ ఎప్పుడు కట్ అయిందో, తెర నల్లగా ఉంది.

ఆ వారం నుంచి మా ఇంట్లో నేను దుబాసీని అయ్యాను. అవ్వ బాపుతో మాట్లాడదు. ఎదురుగా కూర్చోబెట్టి అన్నం పెడుతూనే, "మీ బాపుకు చారు గావాల్నేమో అడుగు" అంటుంది. బాపు నావైపు చూసి, "చాలన్నడని చెప్పు" అంటాడు. ఎల్లారెడ్డిలో ఆటో నడిపే నా మొగుడు గిరాకీ ముగించుకుని ఇటొచ్చి ఈ తమాషా చూసి, నవ్వితే ఎవరు తంతారోనని ఆటోలోనే కూర్చున్నాడు. ఫాదర్ బాలరాజు వచ్చి, "నేను వద్దనే చెప్పానమ్మా" అని సంజాయిషీ ఇచ్చుకున్నాడు. బాపు మాత్రం ఎవరడిగినా ఒకటే మాట, "ఫాదర్ చెప్పిందే చెప్పిన". అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. ఆ "రాలే" అన్నది గుంజకు కట్టిన ఫోన్‌తోనేనని నాకు తెలుసు. అవ్వకూ తెలుసు. అందుకే అంత కోపం.

పండుగ కంచం ఆ పూటంతా గూట్లో మూత కిందే ఉంది. మర్నాడు పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే అవ్వ ఆ కంచం పట్టుకుని బయటికి వచ్చింది. కాసేపు నిలబడింది. తర్వాత అన్నమంతా కోళ్ల ముందు బోర్లించి, కంచం కడిగి, మిగతా కంచాల్లో కలిపేసింది. తొమ్మిదేళ్లుగా ఆ కంచాన్ని విడిగా పెట్టేది. నాకు ఏడుపొచ్చింది, ఊడవడం ఆపకుండా ఏడ్చాను.

ఆ ఆదివారం ఫోన్ రాలేదు. పై ఆదివారం వచ్చింది. అవ్వ ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని ఊరుకుంది. తిన్నవా అని అడగలేదు. అటునుంచి వాడే అడిగాడు, "అవ్వా, తిన్నవా?"

"తిన్న. నీ కంచం కోళ్లకేసిన బిడ్డా," అని ఫోన్ నా చేతిలో పెట్టింది.

 "బాపుకియ్యి అక్కా" అన్నాడు వాడు.

బాపు ఫోన్ పట్టుకున్న తీరు చూస్తే అది కాలుతోందనుకోవాలి. అటునుంచి సునీల్ ఏం అడిగాడో నాకు వినిపించలేదు. బాపు, "ఊఁ" అన్నాడు. కాసేపాగి, "నిజమే. రాలేదంట" అన్నాడు. ఇంకాస్త ఆగి, "నాకేమెరుక, ఫాదర్ చెప్పిండు" అని ఫోన్ నాకిచ్చి, తంబుర దించి తుడవడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత వాడు లైన్లో నిలబడ్డాడని గానీ, వేలిముద్రలు ఇచ్చాడని గానీ మాకు ఏదీ చెప్పలేదు. మేమూ అడగలేదు. వడ్లు కాంటా అయ్యి అమ్ముడుపోయాయి. కోసిన మళ్లలో కొయ్యకాళ్లు తగలబెట్టారు. ఒకరోజు పొద్దున కామారెడ్డి బస్టాండు నుంచి ఫోన్ చేసి, "బావను ఆటో తెమ్మను" అన్నాడు.

అవ్వకు చెప్పొద్దన్నాడు, చెప్పలేదు. ఆటో వాకిట్లో ఆగేసరికి ఆమె చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. వాడు దిగాడు. ముందు జుట్టు పోయింది. పొట్ట వచ్చింది. చేతిలో ఒక్క సంచి. గడప ఇవతలే నిలబడి, లోపలికి రావడానికి ఎవరి అనుమతో కావాలన్నట్టు చూస్తున్నాడు.

అవ్వ తలెత్తి కళ్లు చిట్లించి చూసింది. "ఎవరివో బిడ్డా, ఆకలి మీదున్నట్టున్నవు," అంది. "కూసో."

కథలో మాట కావాలనే అందో, నిజంగానే పోల్చుకోలేదో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే చెప్పదు. లేచి కాళ్లకు నీళ్లిచ్చింది, కంచంలో అన్నం పెట్టింది. వాడు తలెత్తకుండా తిన్నాడు. రెండోసారి వడ్డించి లోపలికి వెళ్లి, బియ్యం డబ్బా మీద చెయ్యి ఆనించి, గొంతెత్తి ఏడ్చింది. తొమ్మిదేళ్లలో ఆమె ఏడవడం అదే మొదటిసారి. బాపు వచ్చి కొడుకు ఎదురుగా కూర్చున్నాడు. "జైలుల పెట్టలేదు కదా?" అన్నాడు. "లేదు బాపూ." "మంచిది. కూర ఏసుకో." ఉత్త చేతులతో వచ్చాడని ఊళ్లో ఎవరూ అనలేదు. అన్నా మాకు వినపడలేదు.

క్రిస్మస్ వారంలో ఎల్లారెడ్డిలో కథ ఒప్పుకున్నాం. దానికి ముందురోజు వాకిట్లో సవరించుకుంటున్నాం. అవ్వా బాపూ నా సాయం లేకుండా మాట్లాడుకుంటున్నారు కాబట్టి నాకు కాస్త తీరిక దొరికింది. బాపుకు ఇరవై ఏళ్లు తగ్గాయి.

"ఈసారి బిషప్పును ఇంటికి తెస్త," అన్నాడు. "మన పోరగాడే వచ్చినంక ఆయనెందుకు రాడు? గటక రెండుసార్లు తినిపిస్త. ఏమంటవు పోచన్నా?"

 పోచన్న కాక గుమ్మెట తాళ్లు బిగిస్తున్నాడు. అవి అప్పటికే బిగిసే ఉన్నాయి.

"తేకు," అంది అవ్వ, చాట ముందు నుంచే.

బాపు వెనక్కి తిరిగాడు. "నువ్వేనా గిట్ల అంటున్నది? నెల దినాలు నన్ను మాట్లాడకుండ సంపితివి."

"సంపిన. భూపాల్ ఇంక అక్కడ్నే ఉన్నడు. దర్వాజ ఇంక వారం తెరిచుంటది. ఎంకవ్వ రేపు ఎల్లారెడ్డికి వస్తనన్నది. రాలేదనే చెప్పు."

"మరి దర్వాజ మూసినంక?"

"గప్పుడు నీ ఇష్టం, పిలుచుకొచ్చి ఎంత గటకన్న పెట్టుకో. గప్పటిదాంక ఆయనను అమెరికలనే ఉండనియ్."

మర్నాడు ఎల్లారెడ్డిలో పందిరి నిండింది. సునీల్ ముందు వరసలో కాళ్లు చాపుకుని పల్లీలు తింటున్నాడు, చిన్నప్పటి లాగే గొర్రె దగ్గర అందరికంటే గట్టిగా నవ్వాడు. ఎంకవ్వ చిన్నమ్మ వాడి పక్కనే కూర్చుంది. ఆమె ఒళ్లో ఈసారి కంచం లేదు. ఫోన్‌ను గుంజకు కడతానంటే ఇవ్వకుండా, రెండు చేతులతో తనే పట్టుకుంది. తెరలో భూపాల్ ఒక్కడే ఉన్నాడు, పక్క మంచం ఖాళీగా ఉంది.

తల్లి గడప మీద కూర్చుంది. గుమ్మెట ఆగింది.

"మరి కొడుకు ఇంటికొచ్చిండా బాపూ?" అని అడిగాను.

బాపు సునీల్ వైపు చూడలేదు. ఎంకవ్వ చిన్నమ్మ చేతుల్లో ఉన్న ఫోన్ వైపే చూస్తూ, "రాలే" అన్నాడు.

ఎంకవ్వ చిన్నమ్మ ఫోన్‌ను ఇంకాస్త పైకెత్తింది.